ఫ్యామిలీ మెడిసిన్ తీసుకుంటే "ఉత్త ఎంబీబీఎస్" లాగే మిగిలిపోతానా?

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంటర్న్‌షిప్ నాలుగు నెలల్లో అయిపోతుంది. నీట్ పీజీలో రేడియాలజీ వచ్చే ర్యాంకు రాదని నీకే తెలుసు, జనరల్ మెడిసిన్ రావచ్చు, రాకపోవచ్చు. మనసు మాత్రం ఫ్యామిలీ మెడిసిన్ మీద ఉంది. నాన్నగారేమో "ఇంత చదివి చివరికి జ్వరాలూ దగ్గులూ చూసుకుంటూ కూర్చుంటావా? దానికి పీజీ ఎందుకు?" అన్నారు. "అక్కలా చెప్పండి" అని అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

మాది కడప జిల్లా. డీఎన్‌బీ (ఎండీతో సమానమైన పీజీ) ఫ్యామిలీ మెడిసిన్ చేసి, 18 ఏళ్లుగా బెంగళూరులో కేఆర్ పురం వైపు చిన్న క్లినిక్ నడుపుతున్నాను. చుట్టుపక్కల సగం మంది మనవాళ్లే. సాఫ్ట్‌వేర్ పిల్లలు, వాళ్ల కోసం ఊరి నుంచి వచ్చి ఆరేసి నెలలు ఉండే అమ్మానాన్నలు, అపార్ట్‌మెంట్ల పనికి రాయలసీమ నుంచి వచ్చిన మేస్త్రీలు. ఈ సమాధానం వాళ్ల మధ్య కూర్చుని రాస్తున్నదే.

నాన్నగారి మాటతోనే మొదలుపెడతాను. ఆయన తప్పుగా ఏమీ అనలేదు. ఆయన చూసిన వైద్యం అలా ఉంది. మన ఊళ్లలో సీటు రానివాళ్లు క్లినిక్ పెట్టుకోవడం, వచ్చినవాళ్లు "స్పెషలిస్టు" బోర్డు పెట్టుకోవడం అలవాటైపోయింది. దానికి తోడు ఆంధ్రలో 2023లో ఫ్యామిలీ డాక్టర్ అనే పేరుతో పీహెచ్‌సీ డాక్టర్లను పల్లెలకు పంపే పథకం పెట్టారు. పథకం మంచిచెడ్డలు వేరే సంగతి. కానీ ఆ పేరు విన్న చాలామందికి, ఫ్యామిలీ మెడిసిన్ అంటే మూడేళ్ల పీజీ అని, దానికి ప్రత్యేకంగా సిలబస్, పరీక్ష ఉన్నాయని తెలియదు. ఇక్కడ బెంగళూరులో నమ్మ క్లినిక్ అనే ప్రభుత్వ క్లినిక్‌లో కూర్చునే డాక్టరు కూడా అదే చేస్తున్నారు కదా అంటారు. ఎంబీబీఎస్ అయిన వెంటనే నేను కూడా ఒక నర్సింగ్ హోమ్‌లో అలాగే ఓపీ చూశాను. అప్పటి నా చీటీలు ఇప్పుడు చూస్తే భయమేస్తుంది. ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్, ప్రతి గ్యాస్ నొప్పికీ అదే మాత్ర. తెలివి లేక కాదు, నాకు ఆ పని ఎవరూ నేర్పలేదు.

ఎందుకు నేర్పలేదో అర్థం కావాలంటే ఒక పాత లెక్క చెప్పాలి. 1961లో అమెరికాలో పనిచేసిన కెర్ వైట్ అనే డాక్టరు, ఆయన సహచరులు దీన్ని ప్రచురించారు. వెయ్యి మంది పెద్దవాళ్లను తీసుకుంటే, ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. వాళ్లలో డాక్టరు దగ్గరికి వెళ్లేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది 9 మంది. ఇంకో డాక్టరు దగ్గరికి పంపించేది ఐదుగురిని. పెద్ద టీచింగ్ ఆసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరు. ఈ అంకెలు మన దేశానివి కావు, ఈ కాలానివీ కావు. అయినా వాటి వెనకున్న సంగతి ఇక్కడా అంతే. నువ్వు ఇన్నేళ్లూ ఆ ఒక్కరి మంచం పక్కన నిలబడి వైద్యం నేర్చుకున్నావు. మిగతా 249 మందిని ఎలా చూడాలో నేర్పేదే ఫ్యామిలీ మెడిసిన్.

రెండూ ఒకటే పని కాదు. న్యూరాలజీ ఓపీకి వచ్చే తలనొప్పి అప్పటికే ఇద్దరు ముగ్గురిని దాటి వచ్చినది. అక్కడ పెద్ద జబ్బు ఉండే అవకాశం ఎక్కువ, స్కాన్ రాయడంలో అర్థముంది. నా దగ్గరికి వచ్చే తలనొప్పి నిద్ర చాలక కావచ్చు, అద్దాల పవర్ మారి కావచ్చు, అత్తగారింట్లో టెన్షన్ కావచ్చు, బీపీ కావచ్చు, ఎప్పుడో అరుదుగా కణితి కావచ్చు. అందరికీ స్కాన్ రాస్తే తప్పు, ఎవరికీ రాయకపోతే ఇంకా పెద్ద తప్పు. జబ్బుకు ఇంకా పేరు పెట్టని దశలో మనిషిని చూడటం, ఈ రోజే భయపడాల్సినదేదో, మూడు రోజులు ఆగి చూడదగినదేదో విడదీయడం, ఆగమని చెప్పినప్పుడు "ఇలా అయితే రాత్రయినా సరే వచ్చేయండి" అని గుర్తులు చెప్పి పంపడం, ఇదే ఈ స్పెషాలిటీ. "మూడు రోజులు చూద్దాం" అనే మాట బయటికి తేలిగ్గా వినిపిస్తుంది. దాన్ని ధైర్యంగా, సురక్షితంగా అనగలగడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

డెబ్బై దాటిన రిటైర్డ్ మాస్టారు. కొడుకు దగ్గర ఉందామని ఊరి నుంచి వచ్చారు. బాత్రూమ్‌లో పడి కనుబొమ్మ పగిలింది, ఎక్కడో కుట్లు వేశారు. ఆ కుట్లు విప్పించుకోవడానికి మాత్రమే నా దగ్గరికి వచ్చారు. కుట్లు విప్పాక "ఏం మందులు వాడుతున్నారు మాస్టారూ?" అని అడిగాను. కొడుకు ఒక స్వీట్ షాపు క్యారీ బ్యాగ్ తీసి టేబుల్ మీద బోర్లించాడు. పదకొండు షీట్లు. కొన్నింటికి రబ్బరు బ్యాండ్లు, ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో "రాత్రి" అని రాసి ఉంది.

ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టాను. ఊళ్లో డాక్టరు బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. ఇక్కడికి వచ్చాక ఇంకొకరు టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర రాశారు. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, పేర్లు వేరు కాబట్టి ఆయన రెండూ వేసుకున్నారు. రోజుకు 10 మిల్లీగ్రాములు అయింది. ఆ మందు డోసు పెరిగితే పాదాలు వాయడం మామూలే, వాచాయి. వాపుకని మూడో డాక్టరు నీరు పోయే మాత్ర ఇచ్చారు. ఆయన దాన్ని సాయంత్రం వేసుకునేవారు, దాంతో రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వచ్చింది. ఈ వయసులో ఇది ప్రోస్టేట్ అయి ఉంటుందని నాలుగో చోట టామ్సులోసిన్ మొదలుపెట్టారు. లేచి నిలబడితే బీపీ పడిపోవడం దానికీ ఉన్న గుణమే. కళ్లు తిరిగాయని ఐదో చోట తలకు సీటీ తీశారు, నార్మల్ అన్నారు, తల తిరుగుడుకు మరో మాత్ర కలిపారు. కూర్చోబెట్టి బీపీ చూస్తే 128, నిలబెట్టి చూస్తే 96. సోడియం కొంచెం తక్కువ.

ఆ ఐదుగురిలో ఎవరూ చెడ్డ డాక్టరు కాదు. ఎవరి ముక్క వాళ్లు సరిగానే చూశారు. షీట్లన్నీ ఒక్క టేబుల్ మీద పరిచి చూసినవాళ్లే లేరు. పాత రిపోర్టుల్లో గుండె ఎకో, కిడ్నీ పరీక్షలు బాగున్నాయని చూసుకుని, రెండో ఆమ్లోడిపిన్‌ను, నీటి మాత్రను ఆ రోజే ఆపాను. టామ్సులోసిన్‌ను, తల తిరుగుడు మాత్రను, వాటిని రాసినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, ఒకదాని తర్వాత ఒకటి మూడు వారాల్లో ఆపాను. ఆయన్ను వారం వారం రమ్మన్నాను. నాలుగో వారం వచ్చినప్పుడు ఆయనే పాదం చాపి చూపించారు, "చూడమ్మా, చెప్పు పట్టీ గుర్తు పడటం లేదు" అని. ఆ సాయంత్రం నాకు ఎంత సంతోషంగా అనిపించిందో మాటల్లో పెట్టలేను. ఇది చదువుతుంటే నీకు ఆసక్తిగా, ఇంకా తెలుసుకోవాలని ఉంటే అది మంచి గుర్తు. విసుగ్గా ఉంటే దాన్ని కూడా నిజాయితీగా ఒప్పుకో.

ఇంకో సంగతి. మా క్లినిక్‌లో చెప్పులు గది బయట విడుస్తారు. అసలు మాట చాలాసార్లు మళ్లీ చెప్పులు వేసుకుంటున్నప్పుడే బయటికి వస్తుంది. భార్య షుగర్ రిపోర్టు చూపించడానికి ఒకాయన వచ్చారు, యాభై దాటి ఉంటాయి. పదేళ్లుగా తెలిసిన కుటుంబం. అంతా అయిపోయి, ఒక చెప్పు వేసుకుని రెండోది కాలితో వెతుక్కుంటూ, "ఈ మధ్య మెట్లెక్కితే దవడ లాగుతోంది మేడమ్, పన్ను చూపించుకోవాలి" అన్నారు. ఆగితే తగ్గిపోతోందా అని అడిగితే అవునన్నారు. లోపలికి పిలిచి ఈసీజీ తీశాను, బాగానే ఉంది. అయినా అదే రోజు గుండె డాక్టరు దగ్గరికి పంపాను, ఎందుకంటే విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె నొప్పి కాదని చెప్పలేం. రక్తనాళాల్లో అడ్డంకులు ఉన్నాయని తేలింది. తన కోసం ఎప్పుడూ డాక్టరు దగ్గరికి రాని మనిషి ఆయన. భార్య కోసం వచ్చారు కాబట్టే దొరికారు. కుటుంబం మొత్తాన్నీ ఒకరే చూడటం వల్ల లాభం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ రెండో చెప్పు గుర్తొస్తుంది.

ఏళ్ల తరబడి ఒకే డాక్టరును చూపించుకోవడం మీద నార్వే పరిశోధకులు చేసిన పెద్ద అధ్యయనం 2022లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ జనరల్ ప్రాక్టీస్‌లో వచ్చింది. తమ డాక్టరుతో ఏడాది లోపు పరిచయం ఉన్నవాళ్లతో పోలిస్తే, 15 ఏళ్లకు పైగా ఒకే డాక్టరు దగ్గర ఉన్నవాళ్లలో మరణాలు సుమారు 25 శాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం 28 శాతం తక్కువగా కనిపించాయి. కారణం అదొక్కటే అని దీంతో తేలిపోదు. కానీ నాన్నగారికి చూపించడానికి మంచి కాగితం. బెంగళూరులో ఈ బంధం నిలబెట్టడం కష్టమని కూడా చెప్పాలి. అద్దె ఇల్లు మారితే క్లినిక్ మారుతుంది, ఉద్యోగం పోతే ఊరే మారుతుంది. అందుకే నా దగ్గర మందులు వాడే ప్రతి పెద్దాయనకూ, పెద్దావిడకూ జబ్బులు, మందులు, పడని మందులు ఒక్క పేజీలో రాసి లామినేట్ చేయించి ఇస్తాను. 2020 మార్చిలో టెలీమెడిసిన్ నిబంధనలు వచ్చాక, ఊరెళ్లిన వాళ్లను వీడియోలో మళ్లీ చూడటం కూడా తేలికైంది.

ఇక కష్టాలు. ఇవి దాచి నిన్ను రమ్మనడం అన్యాయం.

డబ్బు మెల్లగా వస్తుంది. నా మొదటి నెలల్లో రోజుకు నలుగురైదుగురు వచ్చేవాళ్లు. బెంగళూరులో అప్పట్లో పది నెలల అద్దె అడ్వాన్సు అడిగేవాళ్లు, దానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. రోజుకు పాతిక మంది దాకా రావడానికి మూడేళ్లు పట్టింది. నాతో చదివిన రేడియాలజిస్టు ఆ మూడేళ్లలో ఇల్లు కొన్నాడు. ఇప్పుడు నాకు లోటు లేదు, పిల్లల చదువులు నడిచాయి, సాయంత్రం ఎనిమిదింటికి ఇంట్లో ఉంటాను. కానీ ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి లాంటి బాధ్యతలు వెంటనే నీ మీద పడేవి ఉంటే, మొదట కొన్నేళ్లు ఆసుపత్రిలోనో కార్పొరేట్ క్లినిక్‌లోనో జీతానికి చేసి, తర్వాత సొంతంగా పెట్టుకో.

డబ్బుకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది కమీషన్. బోర్డు పెట్టిన రెండో వారమే ఒక ల్యాబు మనిషి కవరు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. పంపిన ప్రతి పరీక్షకూ ఇంత అని. 2002 నాటి వైద్య నీతి నిబంధనల్లోనే ఇది నిషేధం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక్కసారి ఆ కవరు తీసుకుంటే "మీకు స్కాన్ అక్కర్లేదు" అనే నీ మాటకు విలువ పోతుంది. మన దగ్గర అమ్ముకోగలిగిన సరుకు ఆ మాట ఒక్కటే. నేను వద్దన్నాను. కొన్నాళ్లు ఇబ్బంది పడ్డాను, ఆ తర్వాత ఎవరూ కవరు తేలేదు.

పేషెంట్ల వైపు నుంచీ ఒత్తిడి ఉంటుంది. "సూది వెయ్యండి మేడమ్, రేపు పనికెళ్లాలి" అని మేస్త్రీ బతిమాలితే కాదనడం ఎంత కష్టమో నువ్వు చూడాలి. అతనికి ఒక రోజు కూలీ పోతే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అయినా వైరల్ జ్వరానికి స్టెరాయిడ్ సూది వెయ్యను. బదులుగా ఐదు నిమిషాలు ఎక్కువ కూర్చోబెట్టి, జ్వరం ఎన్ని రోజులు ఉంటుందో, ఏం తాగాలో, ఏ గుర్తు కనిపిస్తే పరుగెత్తుకు రావాలో చెబుతాను. కొందరు లేచి పక్క వీధికి పోతారు. పోనివ్వాలి.

భాష గురించి ఒక్క మాట. తెలుగుతో క్లినిక్ నడుస్తుంది, కానీ పూర్తి వైద్యం జరగదు. "ఎల్లి నోవు? ఎష్టు దినదింద?" (నొప్పి ఎక్కడ? ఎన్ని రోజుల నుంచి?) అని కన్నడంలో అడగడం వారంలో వస్తుంది. కన్నడంలో ఏడుస్తున్న మనిషి మాట అర్థం కావడానికి మాత్రం కూర్చుని నేర్చుకోవాలి. ఇంటర్న్‌షిప్ వార్డుల్లోనే మొదలుపెట్టు.

చదువు దారుల సంగతి. ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ కొద్ది కాలేజీల్లోనే ఉంది. కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల, వెల్లూరు సీఎంసీ వాటిలో ఉన్నాయి. ఎక్కువ సీట్లు డీఎన్‌బీలో, మూడేళ్లు. బెంగళూరులో హెబ్బాళ వైపు బాప్టిస్ట్ ఆసుపత్రికి ఈ విషయంలో మంచి పేరుంది. డీఎన్‌బీ పరీక్షలు పెట్టే జాతీయ బోర్డు ఎన్‌బీఈఎంఎస్ వాళ్లు 2020లో మొదలుపెట్టిన రెండేళ్ల డిప్లొమాల్లోనూ ఫ్యామిలీ మెడిసిన్ ఉంది. వెల్లూరు సీఎంసీ దూరవిద్య డిప్లొమా, పనిచేస్తూ చదివే ఎంబీబీఎస్‌లకు నిజంగా ఉపయోగపడుతుంది, కానీ అది మెడికల్ కౌన్సిల్‌లో స్పెషలిస్టుగా నమోదయ్యే అర్హత కాదు. నీ వయసులో నువ్వు పూర్తి మూడేళ్ల కోర్సుకే ప్రయత్నించు.

సీటు ఎంచుకునేటప్పుడు ఆసుపత్రి బిల్డింగ్ చూడకు. అక్కడ రెండో ఏడాదిలో ఉన్న వాళ్లను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అడుగు. ఫ్యామిలీ మెడిసిన్‌కు విడిగా ఓపీ ఉందా? నేర్పడానికి ఆ చదువు చదివినవాళ్లు ఉన్నారా? ప్రసూతి, పిల్లలు, చర్మం, కన్ను, చెవిముక్కుగొంతు, మానసిక వైద్యం పోస్టింగులు నిజంగా జరుగుతున్నాయా, కాగితం మీదేనా? నా ట్రైనింగ్‌లో ఏడు నెలలు, మనుషులు తక్కువున్నారని నన్ను క్యాజువాలిటీలోనే ఉంచేశారు. చర్మం పోస్టింగు పది రోజుల్లో ముగిసింది. ఆ లోటు తీర్చుకోవడానికి తర్వాత ఆరు నెలలు ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర శనివారాలు నిలబడ్డాను. నీకు ఆ అవస్థ వద్దు.

విదేశాల గురించి కూడా అడిగావు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఇదే పనికి చాలా గౌరవం, డిమాండ్ ఉన్నాయి. కానీ సాధారణంగా అక్కడి ట్రైనింగ్ అక్కడే చేయాలి. బ్రిటన్ ఫ్యామిలీ డాక్టర్ల కాలేజీ పేరుతో బయటి దేశాల డాక్టర్లు రాసే ఎంఆర్‌సీజీపీ ఇంటర్నేషనల్ పరీక్ష మంచిదే, దానితో బ్రిటన్‌లో జీపీగా (అక్కడ ఫ్యామిలీ డాక్టరును అనే పేరు) కూర్చోవచ్చని ఎవరైనా చెబితే మాత్రం నమ్మొద్దు.

ఎవరు రాకూడదో కూడా చెబుతాను. డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ) చేసి కార్డియాలజీలోనో గ్యాస్ట్రోలోనో ఉండాలని లోపల బలంగా ఉంటే, ఇంకో ఏడాది చదివైనా జనరల్ మెడిసిన్ తీసుకో, ఆ దారి సూటిగా ఉంటుంది. చేత్తో చేసే పని, ఆపరేషన్ థియేటర్ ఉంటేనే నీకు ఉత్సాహం వస్తుందంటే ఇక్కడ ఇమడలేవు. ర్యాంకు రాలేదు కాబట్టి ఇది అనుకుని వస్తే, మొదటి ఏడాదిలోనే నీ మీద నీకే జాలి మొదలవుతుంది. నీ ప్రశ్నలో నాకు ఆ ధోరణి కనిపించలేదు. వార్డులో పేషెంటు వెళ్లిపోయాక "ఆమె ఇంటికెళ్లి ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకుంటుందో, ఫ్రిజ్ ఉందో లేదో" అని ఆలోచించానని రాశావే, ఆ ఒక్క వాక్యం చూసే ఇంత రాయాలనిపించింది. అలా ఆలోచించేవాళ్లు ఈ పనికి కావాలి.

కౌన్సెలింగ్ లోపు ఒక్క పని చెయ్యి. సెలవు పెట్టుకునో, రాత్రి డ్యూటీ తర్వాతి రోజుల్లోనో, రెండు వారాలు ఎవరైనా ఫ్యామిలీ ఫిజీషియన్ క్లినిక్‌లో కూర్చో. అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా వాళ్లకు కర్ణాటక శాఖ ఉంది, అడిగితే దగ్గర్లో ఎవరున్నారో చెబుతారు. సోమవారం తప్పకుండా ఉండు, ఆ రోజు రద్దీలో ఊపిరాడదు, పని అసలు స్వరూపం తెలుస్తుంది. చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ప్రతి పేషెంటూ మొదట చెప్పిన బాధ ఎడమవైపు, వెళ్లేటప్పుడు చెప్పిన మాట కుడివైపు రాయి. రెండో వారం మొదటి వారంలో వచ్చినవాళ్లు కొందరు మళ్లీ వస్తారు. వాళ్లను చూసినప్పుడు నీకు ఏమనిపించిందో ఇక్కడే రాయి, నేను చదువుతాను. నాన్నగారు బెంగళూరు వస్తే, ఆయన్నూ ఒక పూట మా వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టవచ్చు.